రెబెక్కమ్మ మాత్రలు

“వద్దు! అది పెట్టొద్దు!”

పెరటి పొయ్యి దగ్గర్నుంచి గంజి గరిటెతోనే పరిగెత్తుకొచ్చిన కెజియా కోడలి మణికట్టు పట్టుకుంది. ఏసుమణి వేళ్ల మధ్యనున్న చిన్న తెల్లమాత్ర జారి మంచం కిందికి దొర్లిపోయింది.

మంచం మీద సంజీవరావు రొమ్ము పట్టుకుని పడుకుని ఉన్నాడు. ఉపవాస ప్రార్థనకని హాల్లోకి వచ్చిన మనిషి ఉన్నట్టుండి గోడ పట్టుకుని కూలబడితే, నలుగురూ కలిసి లోపలికి మోసుకొచ్చారు. నుదుటి నిండా చెమట. పెదవులు పాలిపోయాయి. శుక్రవారం కూటానికి వచ్చిన ఆడవాళ్లు పాట మధ్యలో ఆపేసి గుమ్మానికి అడ్డంగా గుమిగూడారు. వాళ్ల వెనక పాస్టరు మాథ్యూ అయ్యగారు బైబిల్ మూయకుండానే చంకన పెట్టుకుని నిలబడ్డారు.

“ఏందత్తా ఇది?” అంది ఏసుమణి. “మామకు రొమ్ములో నొప్పంటే...”

“నొప్పయినా సరే. ఆ మాత్ర వద్దు.”

రొయ్యల చెరువు దగ్గర్నుంచి అప్పుడే వచ్చిన జడ్సన్ మోకాళ్లదాకా బురదతో లోపలికి దూరాడు. చెవి దగ్గర ఫోను. అవతల అంబులెన్సు వాళ్లు. కెజియా మాట అతని చెవిన పడనే పడింది.

“ఎందుకు వద్దంటా ఉండారు మీరు?”

మీరు. అతని తండ్రిని మనువాడి ఆమె ఈ ఇంట్లో అడుగుపెట్టి రెండేళ్లయినా అతను ఆమెను ఏ వరసా పెట్టి పిలవలేదు. మర్యాదకు మర్యాద, ఎడానికి ఎడం, రెండూ ఆ ఒక్క మాటలోనే సర్దేశాడు.

కెజియా మంచానికి అడ్డంగా నిలబడింది.

ఆ మాత్రల సంగతి అల్లూరులో తెలియనివాళ్లు లేరు. జడ్సన్ ఇంట్లో గదికొక సీసా ఉంటుంది. వంటింట్లో ఉప్పుడబ్బా పక్కన ఒకటి, హాల్లో పాటల పుస్తకాల అరలో ఒకటి, ఈ గదిలో కిటికీ మీద ఒకటి. అవి జడ్సన్ తల్లి రెబెక్కమ్మ గుండెకు వాడిన రకం మాత్రలు. ఆరేళ్ల కిందట ఇట్లాంటి శుక్రవారమే, రొమ్ము నొప్పని ఆమె గోడకు చేరగిలబడింది. అందరూ చుట్టూ మోకరించి ప్రార్థన చేశారు. ఆమె మాత్రలు ఆమె చేతిసంచిలోనే ఉన్నాయి. ఆ సంచి అందరి కళ్ల ముందూ కొక్కేనికి వేలాడుతూనే ఉంది. ఎవరికీ తోచలేదు, ఆమె దక్కలేదు. ఆ రోజు అందరికన్నా గట్టిగా ప్రార్థన చేసినవాడు జడ్సనే. అప్పట్నుంచి ఏటా కొత్త సంవత్సరం ఆరాధన నుంచి ఇంటికి రాగానే పాత మాత్రలు పారబోసి, సీసాల్లో కొత్తవి నింపడం అతనికి ఆనవాయితీ అయిపోయింది.

ఎవరు రొమ్ము బరువుగా ఉందన్నా ముందు నాలిక కింద అదే పడాలి. ఒకసారి చెరువు కాపలా పెంచల్ తిన్నది అరక్క గుండెల్లో మంటంటే, వాడికీ ఒకటి పెట్టేశాడు. వాడు ఆ పూటంతా తల పగిలిపోతోందని గట్టుమీద దొర్లాడు. ఊళ్లో నవ్వుకున్నారుగానీ ఈ ఇంట్లో ఎవరూ నవ్వలేదు. అమ్మకు పెట్టని మాత్రను అతను లోకానికంతా పెట్టుకుంటున్నాడని ఇంట్లోవాళ్లకు తెలుసు.

రెబెక్కమ్మ ఒరిగిన చోట ఈనాటికీ ఎవరూ కూర్చోరు. ఎవరూ కూర్చోవద్దని చెప్పలేదు. చాపలు పరిచేటప్పుడు ఆ గోడవార అంత మేర ఖాళీగా వదిలేస్తారు, అంతే. పెళ్లయిన కొత్తలో కెజియా తెలియక కూర్చోబోతే సంఘంలోని పేరమ్మ చెయ్యి పట్టి పక్కకు లాగింది. అప్పట్నుంచి కెజియా కూడా ఆ ఖాళీ చుట్టూ తిరిగే నడుస్తుంది. ఒక్కోసారి చీకటిపడ్డాక దీపం వెయ్యకముందు అక్కడ ఎవరో కూర్చుని తనవైపే చూస్తున్నట్టు ఉండేది. “నేనేం తీసుకోలేదక్కా నీది,” అని మనసులోనే చెప్పుకుని దాటిపోయేది.

ఇవాళ సంజీవరావు కూలబడింది సరిగ్గా ఆ చోటులోనే.

“అడుగుతా ఉంటే పలకరేంది?” జడ్సన్ గొంతు పెరిగింది. “మా అమ్మకూ ఇట్టానే ఆలస్యం చేసినాము.”

“అబ్బయ్యా, నా మాట విను. డాక్టరు వచ్చిందాకా...”

“డాక్టరొచ్చిందాకా ఈయన ఉండొద్దా?” గుమ్మంలోంచి పేరమ్మ అందుకుంది. సంఘంలో పెద్దావిడ. రెబెక్కమ్మకు ప్రాణస్నేహితురాలు. “కట్టుకున్నోడికి మందు పెడతా ఉంటే చెయ్యి పట్టుకుని ఆపే ఆడదాన్ని నేనింతవరకూ చూళ్లేదమ్మా. ఏందో తల్లీ, మారుమనువు బుద్ధి మారుమనువుదే.”

ఆ మాట కెజియాకు సూదిలా దిగింది. నిన్న సాయంత్రం ఆయన తన రెండు చేతులూ పట్టుకుని అడిగిన మాట ఆమెను ఆపేసింది.

“మనం ఒట్లు పెట్టుకోకూడదు. మాటియ్యి చాలు కెజియా. ఇది నీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలవకూడదు. వాడికి తెలిస్తే నేను మళ్లీ వాడి మొహం చూళ్లేను.”

ఆమె మాటిచ్చింది.

* * *

ఇదంతా నెల్లూరు ప్రయాణంతో మొదలైంది.

చక్కెర జబ్బుకు చూపించుకునే డాక్టరు దగ్గర సంజీవరావు ఆ పూట చాలాసేపు నీళ్లు నమిలాడు. కాలువల శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసి, తూముల దగ్గర కొట్లాటకొచ్చిన రైతుల్ని ఒక్క గద్దింపుతో ఆపిన మనిషి, చెప్పుల వైపు చూస్తూ చెప్పుకున్నాడు. డాక్టరు నవ్వలేదు. షుగరున్నవాళ్లకు ఇది మామూలే, మందుంది అన్నాడు.

“నాలిక కింద పెట్టుకునే గుండె మాత్రలేమైనా వాడతారా?”

“లేదు సార్.”

“అది ముఖ్యం. ఆ మాత్రా, నేను రాయబోయే ఈ మాత్రా ఒంట్లో కలవకూడదు. బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. ముందు గుండె పరీక్ష చేయించుకు రండి, అది చూసి రాస్తాను.”

పక్క కుర్చీలో కూర్చున్న కెజియా చప్పున ఆయన వైపు చూసింది. ఇంట్లో ఆ మాత్రలు సీసాల నిండా ఉన్నాయి. బయటికొచ్చాక అదే అడిగింది.

“అవి రెబెక్కవి. నావి కాదుగా,” అన్నాడాయన.

పింఛనుదార్ల హెల్త్ కార్డు పట్టుకుని కౌంటరు దగ్గర నిలబడ్డారు. అద్దం అవతల కూర్చున్న కుర్రాడు పరీక్ష ఎందుకని అడిగాడు. సంజీవరావు నెమ్మదిగా చెప్పాడు. వినబడలేదు, గట్టిగా చెప్పమన్నాడు. ఆయన వెనక వరసవైపు ఒకసారి చూసుకుని రెండోసారి చెప్పాడు.

“దానికి కార్డు రాదు పెద్దాయనా. ఆ పరీక్షకూ రాదు, ఆ మందుకూ రాదు. ప్రాణం మీదికొచ్చే జబ్బులకే సర్కారు ఇచ్చేది.”

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరో ఆడమనిషి, “కృష్ణా రామా అనుకునే వయసులో...” అంది.

దారి పొడుగునా ఆయన బస్సు కిటికీ లోంచి బయటికే చూశాడు. అల్లూరు స్టాండులో దిగాక మాత్రం, “చూపు తగ్గితే అద్దాలిస్తారు. పళ్లూడితే పళ్లు కడతారు. దీనికి మాత్రం నవ్వుతారు,” అన్నాడు.

“నేను దానికోసం రాలేదండీ ఈ ఇంటికి,” అంది కెజియా.

ఆ మాట మూడొంతులు నిజం. చిల్లకూరులో ఇరవై ఏళ్లు విధవరాలిగా కుట్టుమిషను తొక్కుకుని బతికిన మనిషికి, ఎదురుగా కూర్చుని అన్నం తినే తోడు దొరకడమే గొప్ప. మిగిలిన వంతు ఆమె ఎవరికీ చెప్పలేదు. రోజూ ఆయన గోడవైపు తిరిగి పడుకున్నప్పుడల్లా, ఆ గోడ అవతల హాల్లో వేలాడే రెబెక్కమ్మ ఫోటో గుర్తుకొచ్చేది. ఆయన సిగ్గుతో అటు తిరుగుతున్నాడని ఆమెకు తెలియదు. చచ్చిపోయిన భార్యవైపు తిరుగుతున్నాడనే అనుకునేది. రెండేళ్లపాటు ఒక మంచం మీద ఇద్దరు మనుషులు, ఇద్దరూ తప్పు తనదే అనుకుంటూ పడుకున్నారు.

ఆయన మళ్లీ డాక్టరు మొహం చూడలేదు. తెలిసినవాళ్లు కంటబడని చోటని నాయుడుపేటదాకా పోయి, హైవే పక్కన లారీలాగే చోట ఒక మందుల షాపులో చీటీ లేకుండానే కొనుక్కొచ్చాడు. అక్కడ ఎవరూ ఏమీ అడగలేదు. గుండె సంగతీ అడగలేదు.

నిన్న సాయంత్రం ఆ సంగతి చెప్పినప్పుడు, “యాడ దాచినారు?” అంది కెజియా.

ఆయన గడ్డంతో హాలు వైపు చూపించాడు. “రెబెక్క ఫోటో ఎనకాల. ఆడైతే ఎవరూ చెయ్యి పెట్టరు.”

ఇంకే చోటూ దొరకలేదా అనుకుంది కెజియా. ఆ రాత్రి ఆయన గోడవైపు తిరగలేదు. తెల్లారి కాఫీ గ్లాసు అందుకుంటూ ఆమె కళ్లలోకి చూసి నవ్వాడు. పెరట్లో గంజి కలుపుతూ ఆమె కూడా తనలో తాను నవ్వుకుంది. ఆ నవ్వు ఇంకా ఆరకముందే హాల్లో కేక వినబడింది.

* * *

“సార్, నిన్న గానీ ఇవాళ గానీ కొత్తగా ఏవైనా మందులు వేసుకున్నారా?” ఫోనులో అంబులెన్సు అమ్మాయి అడుగుతోంది.

“ఏం లేవమ్మా. రోజూ వేసుకునే షుగరు మాత్ర తప్ప,” అన్నాడు జడ్సన్. “నాలిక కింద మాత్ర పెడతా ఉండాం. మీరు తొందరగా రండి.”

ఫోను మంచం మీద పడేసి, ఏసుమణి చేతిలోని సీసా లాక్కున్నాడు. మూత అప్పటికే తీసి ఉంది. ఒక మాత్ర అరచేతిలో ఒంపుకుని తండ్రి తల పక్కన మోకరించాడు.

కెజియా ఇంకేమీ ఆలోచించలేదు. వంగి, తన అరచేతితో మొగుడి నోరు మూసేసింది.

గుమ్మంలో ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. “ప్రభువా, చంపేస్తా ఉండాది!” అని పేరమ్మ గుండెలు బాదుకుంది.

“తియ్యండి చెయ్యి!” జడ్సన్ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. “తియ్యమంటే తియ్యండి! ఏం కావాల మీకు? ఇల్లు కావాల్నా? పించను కావాల్నా?”

“నీ నాయన కావాల!” అంది కెజియా. అరిచింది. “ఆయన ఇంకో మాత్ర వేసుకొని ఉండారు. నిన్న సాయంత్రం. ఆ రెండూ ఒంట్లో కలిస్తే ప్రాణం పోతాదని డాక్టరు నా ఎదటే చెప్పినాడు.”

“ఏం మాత్ర?”

ఆమె అయ్యగారి వైపు చూసింది. అయ్యగారు నేలవైపు చూశారు.

“మగోళ్లు వేసుకునేది,” అంది.

చెరువుల్లో ఏరియేటర్లు నీళ్లు చిలికే చప్పుడు ఇంత దూరం వినిపించింది. గుమ్మంలో ఒకరిద్దరు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఏసుమణి మాత్రం కిటికీ దాకా వెనక్కి జరిగింది. సీసా మూత ఆమె గుప్పిట్లోనే ఉండిపోయింది.

“అబద్ధం,” అన్నాడు జడ్సన్. అతని మెడ నరాలు ఉబ్బాయి. “మా నాయనా? మా నాయన మీద ఇట్టాంటి మాటా?” తండ్రి మీదికి వంగాడు. “నాయనా, ఈమె ఏందో అంటా ఉండాది. నిజమా?”

సంజీవరావు కళ్లు మెల్లగా కదిలాయి. కొడుకు మొహం మీద ఆగాయి. తర్వాత అయ్యగారి మీద, గుమ్మంలోని ఆడవాళ్ల మీద. చివరికి కెజియా దగ్గరికి వచ్చి, ఆమెను చూడకుండానే దాటిపోయాయి.

“లేదు,” అన్నాడు. “నేనేం వేసుకోలే.”

అని, నోరు తెరిచాడు.

పసిపిల్లవాడు మందుకు తెరిచినట్టు తెరిచాడు. ఆ తెరిచిన నోటిని చూసి కెజియాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. చావడానికైనా సిద్ధపడ్డాడుగానీ, ఒక్క అవును అనడానికి సిద్ధపడలేదీ మనిషి.

“ఆగు జడ్సనూ. నీ చెయ్యి అట్టానే ఉండనీ. నీకు చూపిస్తా,” అంది.

ఆడవాళ్లను తోసుకుని హాల్లోకి పరిగెత్తింది. చాపల మధ్య ఖాళీగా వదిలిన ఆ చోటును ఈసారి చుట్టూ తిరగలేదు. తొక్కుకుంటూ పోయి, గోడ ముందు నిలబడింది. ఫోటోలో రెబెక్కమ్మ తెల్లచీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుని చూస్తోంది. కింద ‘ప్రభువునందు నిద్రించినది’ అని రాసి ఉంది.

“దాన్ని ముట్టుకోవద్దు!” జడ్సన్ వెనకే వచ్చేశాడు. ఈ ఇంటికొచ్చిన రోజు అతను ఆమెకు చెప్పిన ఒకే ఒక్క మాట అది. ఏదైనా మీ ఇష్టం, ఆ ఫోటో మాత్రం నేనే తుడుచుకుంటా అని.

“క్షమించక్కా,” అంటూ కెజియా రెండు చేతులా ఫోటో ఎత్తింది.

బల్లి ఒకటి చటుక్కున గోడమీద పాకిపోయింది. దాని వెనకే మాత్రల అట్ట జారి, సరిగ్గా ఆ ఖాళీ చోటులో పడింది.

జడ్సన్ వంగి తీశాడు. పేరు చదివాడు. ఒక మాత్ర లేదు. మిగిలినవన్నీ ఉన్నాయి. అట్టను అటూ ఇటూ తిప్పి చూసి, ఎవరి కంటా పడకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. రెండో చేతిలోని తెల్లమాత్ర ఎప్పుడు జారిపోయిందో అతనికే తెలియలేదు.

“అమ్మలారా, మీరంతా వసారాలోకి పదండి. ఆడ ప్రార్థన చేసుకుందాం,” అన్నారు మాథ్యూ అయ్యగారు. మొదటిసారి నోరు విప్పి, ఆ ఒక్క మంచి పనీ చేశారు. పేరమ్మ కదలకపోతే భుజం పట్టి మరీ కదిలించారు.

జడ్సన్ గదిలోకి తిరిగొచ్చి ఫోను తీసుకున్నాడు. జేబులోని పేరు ఆ అమ్మాయికి చెప్పాడు. గట్టిగా, మళ్లీ అడగనవసరం లేకుండా చెప్పాడు.

“అయితే నాలిక కింద మాత్ర పెట్టకండి సార్! అస్సలు పెట్టొద్దు. పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా ఉంచండి. వచ్చేస్తున్నాం.”

అతను దిండ్లు తెచ్చి తండ్రి కాళ్ల కింద పేర్చాడు. ఆ కాళ్లు పట్టుకునే కూర్చున్నాడు.

“నాకు చెప్పుండొచ్చు గదా నాయనా.”

సంజీవరావు కంటి కొసనుంచి నీళ్లు చెవిలోకి జారాయి. “అద్దం కాడ రెండుసార్లు చెప్పినాన్రా,” అన్నాడు. “మూడోసారి చెప్పలేకపోయినా.”

జడ్సన్‌కు అదేమిటో అర్థం కాలేదు. కెజియాకు అర్థమైంది. ఆమె తలగడ కింద చెయ్యిపెట్టి హెల్త్ కార్డు బయటికి తీసింది. ఇప్పుడు ప్రాణం మీదికొచ్చింది. ఇక సర్కారుకు అభ్యంతరం ఉండదు.

“చిన్నమ్మా, నువ్వు ఆపకపోయుంటే నేనే నా చేత్తో...” అన్నాడు జడ్సన్.

ఆ పిలుపు విన్నందుకు సంతోషించే తీరిక కూడా కెజియాకు దొరకలేదు. ఆమె చేతిలో ఉన్న ఆయన చెయ్యి మంచులా అయిపోతోంది. నాడి వెతికింది. ఒకసారి దొరికింది, ఇంకోసారి దొరకలేదు. కళ్లు పైకి తేలిపోతున్నాయి. మాత్రను ఆపగలిగింది గదా. మరెందుకిట్లా అవుతోంది?

“ఏమండీ! ఇటు చూడండి. ఏమండీ!”

“అత్తా...”

కిటికీ దగ్గర ఏసుమణి గోడకు వీపు ఆనించుకుని మామ వైపే చూస్తోంది. సీసా మూత గుప్పిట్లోంచి పడి గచ్చుమీద గిరగిరా తిరిగింది.

“నువ్వు పెరట్లో ఉండావు. మామ నొప్పంటానే భయమేసి... నాకేం తెలుసు అత్తా, ఈ ఇంట్లో ఎవరికి నొప్పొచ్చినా అదే గదా పెట్టేది.” ఆమె మంచం కిందికి చూపించింది. “తగ్గలేదని ఇంకోటి తీసినా. నువ్వు పడగొట్టింది రెండోది.”

కెజియా మొగుడి గడ్డం పట్టుకుని నోరు తెరిచింది. వేలితో నాలిక ఎత్తి చూసింది. కింద ఏమీ లేదు. రెబెక్కమ్మ మాత్ర ఎప్పుడో కరిగిపోయింది.